కాలేజీలో లీడర్‌షిప్ నిజంగా నేర్చుకోవాలంటే: ఒక బ్లడ్ డొనేషన్ క్యాంప్ మొదటి నుంచి చివరి దాకా నడిపి చూడండి

"సార్, లీడర్‌షిప్ స్కిల్స్ పెంచుకోవాలంటే ఏ కోర్స్ చెయ్యాలి?" అని ప్రతి ఏడూ సెకండియర్ పిల్లలు అడుగుతూనే ఉంటారు, ప్లేస్‌మెంట్స్ దగ్గరపడితే ఫైనలియర్ వాళ్ళు ఇంకా కంగారుగా అడుగుతారు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను, కొన్నేళ్ళు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా కూడా చేశాను. ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, అంతా ఒకచోట రాసేద్దాం అని కూర్చున్నా.

నా మాట ఒకటే. కోర్స్ వద్దు. పదిమందితో కలిసి చేస్తేగానీ అవ్వని పని ఒకటి నెత్తిన వేసుకుని, తేదీ ప్రకారం పూర్తి చేసి, లెక్క అప్పజెప్పి, వచ్చే ఏడు జూనియర్ చేత చేయించండి. ఉదాహరణకి బ్లడ్ డొనేషన్ క్యాంప్ తీసుకున్నా. దాదాపు ప్రతి కాలేజీలో జరిగేదే, ఖర్చు తక్కువ, ఆరు వారాల్లో అయిపోతుంది, పైగా సరిగ్గా చెయ్యకపోతే వెంటనే తెలిసిపోతుంది.

1. పదవి కాదు, పని ఎంచుకోండి

సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) అవ్వాలి, క్లబ్ ప్రెసిడెంట్ అవ్వాలి అని మొదలుపెట్టిన వాళ్ళు చాలామంది ఐడీ కార్డు మీద ఆ పేరు పడ్డాక ఆగిపోతారు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేదెవరు అన్నట్టు ఉంటాయి కొన్ని క్లబ్బులు, పదకొండు మంది కోర్ టీమ్ ఉంటుంది, కుర్చీలు వేసేవాడు ఒక్కడూ ఉండడు.

మొదటిసారి ఎంచుకునే పనిలో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- పక్కా తేదీ ఉండాలి, "ఈ సెమ్‌లో ఎప్పుడో" అంటే కుదరదు
- మీరు ఒక్కరే చెయ్యలేనిదై ఉండాలి
- కాలేజీ బయటి మనిషితో కనీసం ఒకరితో మాట్లాడాల్సి రావాలి
- చెడిపోతే సర్దుకోగలిగే సైజులో ఉండాలి
- అయ్యిందా లేదా అన్నది లెక్కలో కనిపించాలి

క్యాంప్ ఇష్టం లేకపోతే వేరేవి బోలెడు. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉంటే 7 రోజుల స్పెషల్ క్యాంప్‌లో వంట డిపార్ట్‌మెంట్ తీసుకోండి, ఊళ్ళో వారం రోజులు 50 మందికి మూడు పూటలా తిండి పెట్టడం కన్నా గట్టి ట్రైనింగ్ నాకు తెలీదు. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కి (కేంద్ర ప్రభుత్వం స్టూడెంట్లకి పెట్టే పోటీ) ఆరుగురి టీమ్ కావాలి, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి అని రూల్, ఆ ఆరుగుర్ని చివరి దాకా కలిపి ఉంచడం కూడా పనే. ఏపీలో డిగ్రీ వాళ్ళకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఎలాగూ ఉంది, దాన్ని రిపోర్టు కాపీ కొట్టి ముగించకుండా నిజంగా చెయ్యొచ్చు. హాస్టల్ మెస్ కమిటీ ఇంకా కష్టం, అక్కడ రోజూ పరీక్షే.

ఫస్ట్ టైమే కాలేజీ ఫెస్ట్ మొత్తం మాత్రం తీసుకోవద్దు. లక్షల్లో డబ్బు, డీజే, చీఫ్ గెస్ట్, స్పాన్సర్లు... నేర్చుకునే టైమ్ ఉండదు, పరిగెత్తడమే సరిపోతుంది.

2. దిగే ముందు వారం: విషయం తెలుసుకోండి

తాను మోసే పని గురించి టీమ్ కన్నా రెండు ముక్కలు ఎక్కువ తెలిసినవాడి మాటే జనం వింటారు, గొంతు పెద్దదని వినరు. అందుకని లైసెన్స్ ఉన్న బ్లడ్ సెంటర్‌కి, అంటే గవర్నమెంట్ హాస్పిటల్‌ది గానీ రెడ్ క్రాస్‌ది గానీ, స్వయంగా వెళ్ళి కూర్చుని అడగండి, ఫోన్‌లో కాదు.

కనీసం ఇవి నోట్‌బుక్‌లో ఉండాలి:

- డోనర్ వయసు 18 నుంచి 65 లోపు, బరువు కనీసం 45 కిలోలు
- హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు (డెసిలీటర్ రక్తానికి)
- ఒకసారి ఇచ్చాక మళ్ళీ ఇవ్వడానికి మగవాళ్ళకి 90 రోజులు, ఆడవాళ్ళకి 120 రోజుల గ్యాప్
- తీసేది 350 మిల్లీలీటర్లు, 450 తియ్యాలంటే బరువు 55 కిలోల పైన ఉండాలి
- టాటూ గానీ చెవి కుట్టించుకోవడం గానీ చేసుకుని ఏడాది దాటాలి

మందులు, జ్వరాలు, ఆపరేషన్లు లాంటివి మీరు తేల్చొద్దు, అది వాళ్ళ మెడికల్ ఆఫీసర్ పని. "అది డాక్టర్ గారు చెప్తారండీ" అనడం మీ పని. తనకి తెలిసింది ఎంత, తెలియనిది ఎంత అన్న గీత గీసుకోవడం ఇక్కడే అలవాటవుతుంది.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. రక్తం తీసేది ఓ పది నిమిషాలే, కానీ మంచం ఎక్కడం, పట్టీ వెయ్యడం, దిగడం అన్నీ కలిపితే ఒక మంచం మీద గంటకి ముగ్గురు అనుకోవాలి. వాళ్ళు 6 మంచాలు తెస్తే గంటకి 18 మంది, 5 గంటలకి 90. అంటే 300 మందిని పిలిచి ఎండలో లైన్‌లో నిలబెట్టడం మన తప్పే అవుతుంది. ఈ చిన్న గుణకారం చెయ్యకుండా పోస్టర్ వేసేవాళ్ళని ఎంతమందిని చూశానో.

3. తేదీ పెట్టడం

దీనికి ఒక సబ్‌హెడింగ్ ఎందుకు అనుకుంటారేమో, సగం క్యాంపులు ఇక్కడే చచ్చిపోతాయి. మొదటి క్యాంప్‌లో మేము మిడ్ ఎగ్జామ్స్‌కి ముందు శుక్రవారం పెట్టాం, పేర్లు 140 వచ్చాయి, మనుషులు 40 మంది కూడా రాలేదు, బ్లడ్ సెంటర్ వాళ్ళు వ్యాన్ సర్దుకుంటూ ఒక్క మాట కూడా అనలేదు గానీ వాళ్ళ మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి నాకు.

- అకడమిక్ క్యాలెండర్ ముందు పెట్టుకోండి: మిడ్స్, ల్యాబ్ ఇంటర్నల్స్, సెలవుల ముందు రోజు, మూడూ వద్దు
- సోమవారం వద్దు, ఊళ్ళ నుంచి తిరిగొచ్చి అలిసిపోయి ఉంటారు
- ఉపవాసాల రోజులు చూసుకోండి: రంజాన్ నెల, కార్తీక సోమవారాలు, శివరాత్రి, అయ్యప్ప దీక్ష టైమ్
- అక్టోబర్ 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం, జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినం, ఆ రోజుల్లో బ్లడ్ సెంటర్ టీమ్‌లు ఖాళీగా దొరకవు, కావాలంటే నెలల ముందే చెప్పుకోవాలి

4. టీమ్: ఎనిమిది మంది చాలు

మీ రూమ్‌మేట్లు నలుగురు, బెంచ్‌మేట్లు నలుగురు అయితే అది టీమ్ కాదు, గ్యాంగ్. సినిమాకెళ్ళడానికి బాగుంటుంది. పని చెయ్యకపోతే అడగడానికి మీకే మొహమాటం.

ఇలా కలపండి: ఇద్దరు హాస్టలర్లు, ఇద్దరు డే స్కాలర్లు (బస్సు టైమింగ్స్ వీళ్ళకే తెలుసు), అమ్మాయిలు కనీసం ముగ్గురు, రెండు మూడు బ్రాంచీల వాళ్ళు, కచ్చితంగా ఇద్దరు జూనియర్లు. అమ్మాయిల్ని తెచ్చి స్వాగతం బొకే పట్టుకోవడానికో రంగోలీకో పెట్టే అలవాటు మన కాలేజీల్లో బాగా ఉంది, అది మానండి, పర్మిషన్లూ లెక్కలూ బ్లడ్ సెంటర్‌తో మాటలూ వాళ్ళకి ఇచ్చి చూడండి.

టీమ్‌లో ఒక్కరైనా పెద్దగా మాట్లాడని మనిషి ఉండాలి. తెలుగు మీడియం నుంచి వచ్చి, సెమినార్ హాల్లో నోరు విప్పని కుర్రాడు ఒకడు మా దగ్గర రిజిస్ట్రేషన్ చూశాడు. ప్రతి డోనర్ పేరు, బ్రాంచ్, బస్ నంబర్, ఎన్నింటికి రావాలి అని కాగితం మీద గీతలు గీసి మరీ పెట్టాడు. ఆ రోజు క్యాంప్ నిలబడింది వాడి కాగితం మీదే, మైక్ పట్టుకున్న వాళ్ళ మీద కాదు.

పనులు ఇలా విడదీయండి, ఒక్కో పనికి ఒక్కటే పేరు:

- బ్లడ్ సెంటర్‌తో మాటలు
- పర్మిషన్లు, హాల్, కరెంటు
- క్లాసులు తిరిగి చెప్పడం
- రిజిస్ట్రేషన్, టైమ్ స్లాట్లు
- నీళ్ళు, టిఫిన్, జ్యూస్
- రెస్ట్ రూమ్ (రక్తం ఇచ్చినవాళ్ళు కాసేపు కూర్చునే గది) దగ్గర చూసుకోవడం
- డబ్బు లెక్క
- ఫోటోలు, రిపోర్ట్

లిస్టులో మీ పేరు లేదేంటి అని చూస్తున్నారా? లేదు. ఉండకూడదు కూడా. ఎందుకో 9లో చెప్తా.

5. మీటింగ్: 25 నిమిషాలు దాటొద్దు

వారానికి ఒక్కసారి, క్యాంటీన్‌లో కాదు, ఖాళీ క్లాస్‌రూమ్‌లో. క్యాంటీన్‌లో పెడితే సమోసా వచ్చేసరికి ఎజెండా పోతుంది.

మొదటి 5 నిమిషాలు పోయిన వారం ఒప్పుకున్నవి అయ్యాయా లేదా, తర్వాత 15 నిమిషాలు ఇరుక్కున్న విషయాలు, ఆఖరి 5 నిమిషాలు ఎవరు ఏం ఎప్పటికి అని గట్టిగా చదవడం. అంతే.

మీరు ఆఖర్న మాట్లాడండి. ఇది చాలా కష్టం, నాకే ఇప్పటికీ కష్టం, కానీ లీడర్ ముందే "నేనైతే సెమినార్ హాల్ అనుకుంటున్నా" అనేస్తే మిగతా వాళ్ళంతా తల ఊపుతారు, ఆ హాల్ రెండో అంతస్తులో ఉందని, రక్తం ఇచ్చినవాడు మెట్లు దిగాలని, ఎవరికో తట్టినా చెప్పరు.

వాట్సాప్ గ్రూప్ గురించి ఒక మాట. గ్రూప్‌లో వేసిన మెసేజ్ అందరికీ చేరుతుంది, ఎవరికీ తగలదు. "ఎవరైనా వాటర్ క్యాన్లు చూడండి ప్లీజ్" అంటే ఏడు తంబ్స్ అప్‌లు వస్తాయి, క్యాన్లు రావు. పేరు పెట్టి అడగండి, కుదిరితే ఫోన్ చెయ్యండి. నిర్ణయాలు మాత్రం గ్రూప్‌లో ఒక మెసేజ్‌గా రాసి పిన్ చెయ్యండి.

6. పని అప్పజెప్పడం (అసలు కథంతా ఇక్కడే ఉంది)

మన దగ్గర పని అప్పజెప్పడం అంటే "మామా, అది కొంచెం చూస్కో" అనడం. ఏది చూస్కోవాలి, ఎప్పటికి, ఎంత ఖర్చులో, ఎవర్ని అడగాలి, ఏమీ ఉండదు. వాడు చూస్కుంటాడు, అంటే నిజంగానే చూస్తూ ఉంటాడు.

నాలుగు ముక్కలు ఉండాలి: ఏం కావాలి, ఎప్పటికి, ఎంతవరకు నువ్వే నిర్ణయించొచ్చు, ఇరుక్కుంటే ఎవరి దగ్గరికి. ఇలా చెప్పి చూడండి:

"తమ్ముడూ, క్యాంప్ రోజు పొద్దున 8 గంటలకల్లా 100 మందికి టిఫిన్ హాల్ బయట ఉండాలి. 3,000 దాటకుండా నువ్వే ఎక్కడైనా మాట్లాడుకో, నన్ను అడక్కర్లేదు. దాటుతుంది అనిపిస్తే మాత్రం ముందే చెప్పు. బుధవారం సాయంత్రానికి ఎవరి దగ్గర ఖాయం చేశావో ఒక్క మెసేజ్ పెట్టు."

తర్వాత వాడి చేతే తిరిగి చెప్పించుకోండి. "నేను సరిగ్గా చెప్పానో లేదో, నువ్వేం చేస్తావో ఒకసారి చెప్పవా" అని అడిగితే తప్పుగా అనుకోరు. ఇడ్లీ అన్నది ఉప్మా అయిపోవడం ఇక్కడే దొరుకుతుంది.

ఇక బుధవారం దాకా ఫోన్ చెయ్యకండి. చేతులు దురద పెడతాయి, తెలుసు. బుధవారం సాయంత్రం మెసేజ్ రాకపోతే అప్పుడు చెయ్యండి, తిట్టడానికి కాదు, "ఎక్కడ ఆగింది?" అని అడగడానికి. ఎక్కువసార్లు బద్ధకం ఉండదు, కేటరింగ్ ఆయనతో మాట్లాడటానికి భయం ఉంటుంది, కొత్తవాళ్ళతో బేరం ఎలా ఆడాలో తెలీదు. పక్కన నిలబడి ఒక్కసారి మాట్లాడించండి, రెండోసారి వాడే మాట్లాడతాడు.

వాడు మీకన్నా కొంచెం తక్కువ నీట్‌గా చేస్తాడు, అది మింగండి. "నువ్వు వదిలేయ్ నేను చేస్తా" అన్న మాట ఒక్కసారి అన్నారంటే ఆ జూనియర్ ఇంక ఏ పనీ మనసు పెట్టి చెయ్యడు, మీరు అర్ధరాత్రి ఒంటిగంటకి పోస్టర్ డిజైన్ చేస్తూ "నాకెవరూ హెల్ప్ చెయ్యరు" అని స్టేటస్ పెట్టుకుంటారు.

7. పర్మిషన్లు: వరస తప్పితే పని తప్పుతుంది

నేరుగా ప్రిన్సిపాల్ రూమ్‌కి వెళ్ళిపోతే హెచ్‌ఓడీ (మీ బ్రాంచ్ హెడ్) గారికి కోపం, హెచ్‌ఓడీ గారికి మాత్రమే చెప్తే ఆఫీసులో ఫైల్ కదలదు. ముందు ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్, తర్వాత హెచ్‌ఓడీ, తర్వాత ప్రిన్సిపాల్, కొన్ని చోట్ల ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) కూడా. మీ కాలేజీలో వరస ఏంటో పోయినేడు చేసిన సీనియర్ అన్ననో అక్కనో అడగండి.

లెటర్ ఒక పేజీ దాటొద్దు. ఏంటి, ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది, కాలేజీ నుంచి మాకు ఏం కావాలి, బాధ్యత ఎవరిది, ఫోన్ నంబర్. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు సంతకం వేయించుకోండి, "లెటర్ ఎక్కడుందో" అన్న మాట వచ్చిన రోజు ఆ రెండో కాపీ విలువ తెలుస్తుంది.

మర్చిపోయేవి ఇవి:

- వాలంటీర్లకి, డోనర్లకి ఓడీ లెటర్, అంటే ఆన్ డ్యూటీ కింద అటెండెన్స్ ఇమ్మనేది (75 శాతం అటెండెన్స్ గోలలో ఉన్నవాడు ఇది లేకపోతే రాడు)
- గ్రౌండ్ ఫ్లోర్‌లో గాలి వచ్చే హాల్, ఫ్యాన్లు పనిచేస్తున్నాయో లేదో స్విచ్ వేసి చూడాలి
- ఎలక్ట్రీషియన్ అన్న, సెక్యూరిటీ గేటు, ఆయమ్మలు, వీళ్ళకి విడిగా వెళ్ళి చెప్పడం
- బ్లడ్ సెంటర్ వ్యాన్ లోపలికి వచ్చే దారి, పార్కింగ్

ఆఖరికి ఆ రోజు మీ పని నడిచేది ఎలక్ట్రీషియన్ అన్న వల్లే. ఆయన పేరు తెలుసుకోండి ముందు.

8. క్లాసులు తిరిగి చెప్పడం: స్టేజ్ భయం ఇక్కడే పోతుంది

లీడర్‌షిప్ అంటే ఇంగ్లిష్‌లో దంచడం అని చాలామందికి భయం. మీ క్లాసులో అరవై మందికి తెలుగు వస్తే తెలుగులో చెప్పండి, వేరే రాష్ట్రాల పిల్లలుంటే రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లో కలపండి, చాలు.

90 సెకన్లు మించకూడదు. లెక్చరర్ గారిని ముందే అడగాలి, తలుపు తోసుకుని వెళ్ళడం కాదు. చెప్పాల్సినవి నాలుగు: మేమెవరం, ఎప్పుడు ఎక్కడ, ఎవరు ఇవ్వొచ్చు, పేరు ఎవరికి ఇవ్వాలి. "రక్తదానం ప్రాణదానం" అని మొదలుపెట్టకండి, వెనక బెంచీలు అక్కడే నిద్రపోతాయి. "మీలో ఎంతమందికి మీ బ్లడ్ గ్రూప్ తెలుసు?" అని చేతులెత్తించండి, క్లాసు లేస్తుంది.

ఒకే మనిషి అన్ని క్లాసులూ తిరగొద్దు. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, ఒకరు చెప్తే ఒకరు వినాలి, బయటికొచ్చాక ఒక్క విషయం మాత్రం సరిచెయ్యాలి. ఎక్కువ చెప్తే మనిషి డీలా పడిపోతాడు. మొదటి క్లాసులో చేతులు వణికిన అమ్మాయి ఆరో క్లాసుకి జోకులేస్తుంది, ఇది నేను చాలాసార్లు చూశా.

బలవంతం మాత్రం వద్దు. ఇంటర్నల్ మార్కులు వేయిస్తాం అని ఆశ పెట్టడం, "మగాడివేనా నువ్వు" అని రెచ్చగొట్టడం, రెండూ తప్పే. రక్తానికి డబ్బివ్వడం దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం, కారణం సింపుల్, ఆశ కోసం ఇచ్చేవాడు జబ్బు దాచిపెడతాడు. ఖరీదైన గిఫ్ట్ కూడా అలాంటిదే.

డబ్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టిఫిన్, నీళ్ళు, ఫ్లెక్సీ, ఆటో, ఇంతే ఉంటుంది. బ్లడ్ సెంటర్ వాళ్ళు జ్యూస్, బిస్కెట్లు తెస్తారో లేదో ముందే అడగండి. ఎవరి ఫోన్‌పే కి డబ్బు వస్తుందో వాళ్ళే లెక్క రాయకూడదు, ఇద్దరు వేరేవాళ్ళు ఉండాలి. ప్రతి బిల్లూ ఫోటో తీసి గ్రూప్‌లో. అంతే.

9. ఆ రోజు: చేతిలో బకెట్ పెట్టుకోకండి

పల్లెటూరి పెళ్ళిలో వడ్డన చూశారా? కుర్రాళ్ళంతా పప్పు, సాంబారు బకెట్లు పట్టుకుని పరిగెడుతుంటారు, బంతి చివర ఒక పెదనాన్న కండువా వేసుకుని ఊరికే నిలబడి ఉంటాడు. ఊరికే కాదు. ఏ ఆకులో అన్నం అయిపోయిందో, ఏ ముసలాయనకి నెయ్యి అందలేదో ఆయనకే కనిపిస్తుంది, ఎందుకంటే ఆయన చేతిలో బకెట్ లేదు.

మీరు ఆ పెదనాన్న. అందుకే 4లో మీ పేరు రాయలేదు. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర మీరు కూర్చున్నారంటే రెస్ట్ రూమ్‌లో ఏం జరుగుతుందో మీకు తెలీదు.

మాకు ఒకసారి అదే అయింది. నేను చీఫ్ గెస్ట్ గారి పక్కన ఫోటోల్లో ఉన్నాను, టిఫిన్ గంటన్నర లేటు, పొద్దున్నుంచి ఏం తినని ఇద్దరు పిల్లలు "బానే ఉన్నాం మేడమ్" అని రిజిస్ట్రేషన్‌లో చెప్పేసి రక్తం ఇచ్చి, లేచి నాలుగడుగులు వేసి కూలబడ్డారు. డాక్టర్ గారు పక్కనే ఉన్నారు కాబట్టి ఐదు నిమిషాల్లో తేరుకున్నారు. కానీ బయట లైన్‌లో ఉన్న ముప్ఫై మందిలో సగం మంది మాయం. ఆ తర్వాత నుంచి మా రూల్, టిఫిన్ ప్లేటు ఖాళీగా చూపిస్తేనే రిజిస్ట్రేషన్ టోకెన్.

ఆ రోజు చెక్‌లిస్ట్:

- 7:30కి టీమ్ అంతా హాల్లో, ఫ్యాన్లు, నీళ్ళు, కుర్చీలు చెక్
- 8:00 టిఫిన్ రెడీ
- 8:30 బ్లడ్ సెంటర్ టీమ్ రాక, వాళ్ళకి కూడా టిఫిన్ (చాలామంది మర్చిపోతారు)
- 9:00 నుంచి స్లాట్ల ప్రకారం, గంటకి 18 మందికి మించకుండా
- ప్రతి గంటకీ మీరు ఒక రౌండ్: గేటు, రిజిస్ట్రేషన్, మంచాలు, రెస్ట్ రూమ్
- మధ్యాహ్నం టీమ్ వంతులవారీగా భోజనం, మీరు ఆఖర్న
- రక్తం ఇచ్చినవాళ్ళు కనీసం 15 నిమిషాలు కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, వెంటనే బైక్ ఎక్కకూడదు
- ఎవరికైనా కళ్ళు తిరిగితే పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తి డాక్టర్‌ని పిలవడం, చుట్టూ మూగకుండా చూడటం

హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి వచ్చేవాళ్ళలో అమ్మాయిలు ఎక్కువ ఉంటారు. అందరి ముందూ "నీకు రక్తం లేదంట" అని నవ్వేవాడు మీ టీమ్‌లో ఉంటే అక్కడే ఆపండి. వాళ్ళని పక్కకి కూర్చోబెట్టి డాక్టర్ గారితో మాట్లాడించి, ఇష్టమైతే జ్యూస్ కౌంటర్ అప్పజెప్పండి. అలా వెనక్కొచ్చిన అమ్మాయే తర్వాతి ఏడు మా క్యాంప్ మొత్తం నడిపింది. ఎవరు ఎందుకు ఇవ్వలేకపోయారు అన్నది మాత్రం ఎవర్నీ అడగొద్దు, ఎక్కడా రాయొద్దు.

10. గొడవలు వచ్చినప్పుడు

వస్తాయి. రాకపోతే ఎవరూ పని చెయ్యట్లేదని అర్థం.

*ఫ్రెండ్ పని ఎగ్గొడుతున్నాడు.* నలుగురిలో అనకండి, నడుచుకుంటూ మాట్లాడండి. "ఈ పని నీకు కుదరట్లేదా, వేరేది తీసుకుంటావా, లేదా ఈసారి వదిలేస్తావా" అని మూడు దారులు చూపించండి. వదిలేస్తా అంటే సంతోషంగా వదలండి, ఫ్రెండ్‌షిప్ మిగులుతుంది.

*సీనియర్ వచ్చి పెత్తనం చేస్తున్నాడు.* "అన్నా, చీఫ్ గెస్ట్‌ని తీసుకురావడం నువ్వు చూస్కుంటావా" అని నిజమైన పని ఒకటి ఇవ్వండి. చేస్తే లాభం, చెయ్యకపోతే తనే కనపడడు.

*కులం, పార్టీ, జిల్లా గ్రూపులు.* మన క్యాంపస్‌ల్లో ఇది లేదని నటించక్కర్లేదు. స్టేజ్ మీద ఎవరుంటారు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో అన్న దగ్గరే రాజుకుంటుంది. మేము కనిపెట్టిన మందు, ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో ఉండదు, టీమ్ పేర్లు అక్షర క్రమంలో. ఒక్క ఏడాది గొణిగారు, తర్వాత అదే అలవాటైపోయింది.

*తప్పు మీదైతే* అదే రోజు టీమ్ ముందు ఒప్పేసుకోండి. "టిఫిన్ లేటయింది, నేను చెక్ చెయ్యలేదు, నాది తప్పు." రెండు వాక్యాలు. మూడోది "కానీ" తో మొదలవుతుంది, అది వద్దు.

11. లెక్చరర్లకి ఒక చిన్న మాట

మేడమ్, సార్, పిల్లల చేత చేయిస్తున్నాం అని చెప్పి ఫోన్లన్నీ మనమే చేసేస్తే నేర్చుకునేది మనమే. పిల్లలు బ్లడ్ సెంటర్‌కి మెయిల్ తప్పుల్తో రాస్తారు, పంపనివ్వండి, సరిదిద్దమని వాళ్ళే అడిగితే దిద్దండి. మూడు చోట్ల మాత్రం తప్పుకోకూడదు: మెడికల్ విషయాలు, డబ్బు, అమ్మాయిల భద్రత, ఈ మూడింట్లో తుది మాట మనదే. మిగతావి పడితే పడనివ్వండి.

12. అయిపోయాక 48 గంటల్లో

ఇల్లు అలకగానే పండగ కాదు. క్యాంప్ అయిన సాయంత్రం గ్రూప్ ఫోటో, బిర్యానీ, ఇంక ఎవరూ కనపడరు. బిర్యానీ తినండి, కానీ రెండు రోజుల్లోపు గంట సేపు కూర్చోండి.

- ఎంతమంది పేరిచ్చారు, ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఇచ్చారు (మా దగ్గర వంద పేర్లకి అరవై మంది వస్తే గొప్ప)
- ఏ గంటలో లైన్ ఆగింది, ఎందుకు
- ఖర్చు లెక్క, బిల్లులు, మిగిలింది ఎక్కడుంది
- ఒక్కొక్కరూ: నేను చేసిన పనిలో ఒకటి బాగా అయింది, ఒకటి మళ్ళీ చేస్తే మారుస్తా
- బ్లడ్ సెంటర్‌కి, ప్రిన్సిపాల్‌కి, ఎలక్ట్రీషియన్ అన్నకి, ఆయమ్మలకి థాంక్స్, మెసేజ్ కాదు, వెళ్ళి
- చిందిన జ్యూస్, ప్లేట్లు, ఫ్లెక్సీ తీసేశారా

ఇంటర్వ్యూలో "లీడర్‌షిప్ గురించి చెప్పు" అంటే చెప్పాల్సింది ఈ గంటలో రాసుకున్నదే. "నేను ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్‌ని" అనేవాళ్ళు వెయ్యిమంది ఉంటారు, "టిఫిన్ లేటవడం వల్ల ఇద్దరు పడిపోయారు, తర్వాత మేం టోకెన్ పద్ధతి పెట్టాం" అని చెప్పేవాడి దగ్గర అవతలివాళ్ళు పెన్ను కింద పెట్టి వింటారు.

13. జూనియర్‌కి అప్పగించడం

ఒక 100 పేజీల నోట్‌బుక్ కొనండి, గూగుల్ డ్రైవ్ కాదు, డ్రైవ్ లింకు మీ కాలేజీ మెయిల్‌తో పాటే పోతుంది. అందులో లెటర్ కాపీ, బ్లడ్ సెంటర్‌లో ఎవరిని కలవాలి, టిఫిన్ ఎవరి దగ్గర ఎంతకి, ఏ హాల్లో ఏ ఫ్యాన్ పనిచెయ్యదు, ఏ వారం వద్దు, పై మీటింగ్‌లో రాసినవన్నీ అతికించండి.

వచ్చే ఏడు ఆ ఇద్దరు జూనియర్లలో ఒకరికి ఆ నోట్‌బుక్ చేతికివ్వండి. మొదటి మీటింగ్‌కి వెళ్ళండి, వెనక బెంచీలో కూర్చోండి, అడిగితేనే చెప్పండి. రెండో మీటింగ్‌కి వెళ్ళకండి. క్యాంప్ రోజు మాత్రం టిఫిన్ తినేసి, ప్లేటు ఖాళీగా చూపించి, టోకెన్ తీసుకుని, మీ స్లాట్ టైమ్‌కి లైన్‌లో నిలబడండి.